కోటయ్య చరణం

ఆదరణ కూటానికి వెళ్ళిన ఇంట్లో జ్ఞానమ్మ ఎవరినీ ఏమీ అడగదు. కూటం సాయంత్రమైతే పొద్దున్నే వెళ్ళి, ఆడవాళ్ళ మధ్య ఒక మూల కూర్చుని, ఇచ్చిన టీ తాగి, చూస్తూ ఉంటుంది. పోయిన మనిషి పడుకున్న మంచం ఏ వైపు కుంగింది, కంచం ఎక్కడ సొట్టపోయింది, దండెం మీద తువ్వాలు ఇంకా ఉందా, తీసేశారా. అడిగితే జనం మంచే చెబుతారు. పోయినవాళ్ళ గురించి చెప్పే మంచి అందరి విషయంలోనూ ఒకటే. అది పాటకి పనికిరాదు.

చుండూరు దగ్గర జ్ఞానమ్మ వాళ్ళ పేటలో మనిషి పోయిన పదకొండో రోజు వీధిలో షామియానా వేసి ఆదరణ కూటం పెట్టుకుంటారు. పాస్టరు గారు వాక్యం చెప్పాక, భోజనాలకి ముందు, ఒకామె లేచి పాట ఎత్తుతుంది. అది పుస్తకంలో ఉండే పాట కాదు. ఆ మనిషి కోసం ఆ పూట అక్కడికక్కడ పుట్టే పాట. ఎత్తే ఆమె పోయినవాళ్ళ గురించి ఒక నిజం చరణంగా అంటుంది. పక్కనున్న రెండో గొంతు దాన్ని అందుకుంటుంది. అప్పుడు కూటమంతా కలిసి, "దాచుకో తండ్రీ, దాచుకో" అంటుంది. ఒక్కో చరణం దేవుడి చేతిలో పెట్టి దాచుకోమనడం అన్నమాట. రెండో గొంతు చూపిస్తే తప్ప తక్కినవాళ్ళకి ఎక్కడ కలవాలో తెలియదు. మూడుసార్లు ఎత్తినా ఎవరూ అందుకోకపోతే ఆ చరణం పడిపోయినట్టు. ఎత్తినామె ఇక కూర్చోవాలి. పెళ్ళిళ్ళ వల్ల, చుట్టరికాల వల్ల ఈ అలవాటు తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కూడా కొన్ని ఇళ్ళకి పాకింది. ఆ ఇళ్ళవాళ్ళు జ్ఞానమ్మకే ఫోన్ చేస్తారు.

ఆమె ఇది చర్చిలో నేర్చుకోలేదు, పొలంలో నేర్చుకుంది. ఆరో తరగతి మానేసిన ఏడాదే మేనత్త ఆమెని నాట్లకి తీసుకెళ్ళింది. ఇరవై మంది ఆడవాళ్ళు వరుసగా వంగి నాటుతుంటే మేనత్త ఒక మాట ఎత్తేది, వరుస అందుకునేది. గట్టు మీద నిలబడ్డ రైతు మీద, ఆలస్యంగా వచ్చిన టీ మీద, దేని మీదైనా సరే. ఒకరోజు మేనత్తకి గొంతు పట్టేసింది. పద్నాలుగేళ్ళ జ్ఞానమ్మ తల ఎత్తకుండానే, "గొడుగు కింద ఆసామి చల్లగున్నాడు, గొడుగు చిల్లు చూడలే" అంది. వరుస వరుసంతా నడుములెత్తి నవ్వింది. రైతు గొడుగు ఎత్తి చూసుకున్నాడు. ఆ రోజు నుంచి ఎత్తే పని ఆమెదే అయింది.

ఇప్పుడు నాట్లు లేవు. విత్తనాలు వెదజల్లేస్తున్నారు. అరవై ఆరేళ్ళ వయసులో జ్ఞానమ్మ షేర్ ఆటోలో తెనాలి వెళ్ళి నిమ్మకాయలు ఏరుతుంది. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, మచ్చవి ఒక పక్క. అక్కడ ఎవరూ వరుసలో ఉండరు, ఎవరి కుప్ప వాళ్ళదే. భర్త ఆశీర్వాదం రైసు మిల్లులో బస్తాలు మోసి మోసి ఎనిమిదేళ్ళ కిందట పోయాడు. మనిషి పోయిన ఇంటి ఆడవాళ్ళు పాట ఎత్తకూడదు, అందుకోకూడదు. వేరే ఎత్తేవాళ్ళు లేరు. మూడొందల మందికి పైగా ఎత్తిన మనిషి, ఆ రోజు పుస్తకంలో పాటలు వింటూ కూర్చుంది.

ఆ కట్టుబాటు ఒక్కరే దాటారు, కృపమ్మ. ముప్పై ఏళ్ళ కిందటి మాట. కృపమ్మ మొగుడు కోటయ్య రైతుల పొలాలకి రాత్రిళ్ళు నీళ్ళు కట్టేవాడు. ఒక తెల్లవారుజామున కాలవ గట్టు మీద పాము కరిచింది. కూటం రోజు జ్ఞానమ్మ ఆ ఒంటిగది ఇంట్లో మూల కూర్చుని చూసింది. పేటలో అందరి చెప్పులూ గడప బయట ఉంటాయి. కోటయ్య చెప్పులు మాత్రం లోపల, పొయ్యి పక్కన, గోడకి ఆనించి ఉన్నాయి. అడుగున బురద ఎండిపోయి ఉంది. వాటికి రెండు మూరల దూరంలో ఉయ్యాల, అందులో రెండేళ్ళ పిల్ల సుజన. జ్ఞానమ్మ చాలాసేపు ఆ చెప్పుల్నీ ఉయ్యాలనీ చూసింది. సాయంత్రం ఎత్తింది.

"చెప్పులు చేతబట్టి గడప దాటేవాడు
పసిదాని నిదర చెడతదని..."

బయట రెండో గొంతు నోరు తెరిచేలోపే ఇంట్లోంచి కృపమ్మ అందుకుంది. కొంగు కప్పుకుని గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషి, గోడకే చెబుతున్నట్టు ఆ రెండు వరుసలూ అంది. ఎవరూ తప్పు పట్టలేదు. నెల తిరక్కుండా కృపమ్మ జ్ఞానమ్మ పక్కన నిలబడింది. అప్పటి నుంచి ఒకరు లేకుండా రెండోవాళ్ళు ఏ షామియానా కిందా నిలబడలేదు.

ఈ ఫిబ్రవరిలో ఒకే వారంలో మూడు కూటాలు పడ్డాయి. సోమవారం తెనాలి, గురువారం బాపట్ల, శనివారం రేపల్లె. సోమవారం తెనాలి నుంచి వచ్చిన దగ్గర్నుంచి జ్ఞానమ్మకి దగ్గు. మంగళ, బుధవారాలు కాయలు ఏరడం మానలేదు. గురువారం పొద్దున బాపట్ల పాసింజర్ ఎక్కడానికి కమ్మీ రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది.

బాపట్లలో పోయినాయన రాజారత్నం గారు, గుమాస్తాగా రిటైరయ్యారు. రెండో అంతస్తులో ఫ్లాటు. జ్ఞానమ్మ సోఫా అంచున కూర్చుని చూసింది. గోడలకి కొత్త రంగు వాసన వస్తోంది. మంచం లేదు, కంచం లేదు, దండెమే లేదు. పెద్ద ఫోటో ఒకటి, దానికి దండ. ఆయన కూతురు శ్రీజ ఒక కాగితం తెచ్చి ఇచ్చింది.

"ఆంటీ, నాన్నగారి వివరాలన్నీ ఇందులో ఉన్నాయండి. మీకు ఈజీగా ఉంటుందని టైప్ చేయించా."

పుట్టిన తేదీ, ఉద్యోగం, ప్రమోషన్లు, సంఘంలో కార్యదర్శిగా ఉన్న సంవత్సరాలు. జ్ఞానమ్మ కాగితం మడిచి, ముప్పై ఏళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగింది.

"నాన్నగారి వస్తువులు ఏమైనా ఉన్నాయామ్మా? వాడుకున్నవి?"

"అన్నీ ఆశ్రమానికి ఇచ్చేశామండి. చూస్తుంటే బాధగా ఉంటుందని ఇల్లంతా రంగులు కూడా వేయించేశాం."

శ్రీజ వెళ్ళాక కృపమ్మ మెల్లగా అంది, "అడిగావేంటక్కా?"

"అడిగితే ఏం పోయింది?"

"ఏం పోలేదు. ఎప్పుడూ అడగవు గదా అని."

ఫ్యాను గాలికి జ్ఞానమ్మ సోఫాలోనే నిద్రపోయింది. లేచేసరికి కింద మైకు పెట్టి చూస్తున్నారు.

ఫ్లాట్ల పక్క ఖాళీ స్థలంలో షామియానా, కవర్లు తొడిగిన కుర్చీలు, పక్కగా కీబోర్డు ముందు వినోద్ కుమార్ అనే ఆయన. పాస్టరు గారు కూర్చున్నాక జ్ఞానమ్మ లేచింది. మొదటి రెండు చరణాలు కాగితంలోవే అంది. కృపమ్మ అందుకుంది, జనం దాచుకోమన్నారు, కానీ ఎవరి మొహమూ కదల్లేదు. దేవుడు మాత్రం ప్రమోషన్లు ఏం దాచుకుంటాడు? మూడో చరణానికి నోరు తెరిచేసరికి లోపల ఏమీ లేదు. కుర్చీలన్నీ ఎదురుచూస్తున్నాయి. కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. అప్పుడు నోరు దానంతటదే ఎత్తింది.

"చెప్పులు చేతబట్టి గడప దాటేవాడు
పసిదాని నిదర చెడతదని..."

పక్కన గొంతు రాలేదు. వినపడలేదేమోనని జ్ఞానమ్మ మళ్ళీ ఎత్తింది. రాలేదు. తిరిగి చూసింది. కృపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆమెనే చూస్తోంది. అప్పటికి గాని జ్ఞానమ్మకి తానేం అందో తెలియలేదు. ఆగిపోవచ్చు. కానీ ఆగడానికి కూడా కొంచెం ఓపిక కావాలి. మూడోసారి ఎత్తింది. వినోద్ కుమార్ కీబోర్డు మీద అందుకుని మైకులో పాడేశాడు. వెంటనే జనం, "దాచుకో తండ్రీ, దాచుకో" అన్నారు, ఈసారి గట్టిగా. చరణం పడిపోయిందని అక్కడ ఇద్దరికే తెలుసు.

అయిపోయాక శ్రీజ వచ్చి జ్ఞానమ్మ చేతులు రెండూ పట్టుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాన్నగారు నిజంగా అట్లాగే చేసేవారండి, నా చిన్నప్పుడు. కాగితంలో రాయించడం మర్చిపోయాం. మీకెట్లా తెలిసిందండి?"

జ్ఞానమ్మ మెల్లగా చేతులు వెనక్కి తీసుకుంది.

బాపట్ల స్టేషన్లో బండికి ఇంకా గంట ఉంది. సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. కృపమ్మ తన సంచీని ఇద్దరి మధ్యా పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఎవరివక్కా ఆ చెప్పులు?"

"నోటికొచ్చేసిందే కృపా. అలిసిపోయా."

"ముప్పై ఏళ్ళు నోట్లో నానింది, రాకేం చేసిద్ది? వచ్చాక ఆపుకోవాల."

"పాట పడిపోయేది. చూడ్డానికి ఏముంది వాళ్ళింట్లో? గోడలు కూడా కొత్తయ్యే."

"పడిపోతే పోయేది. ఆయనకి మా దగ్గర చరణం లేదండీ అని కూర్చుంటే మెడ మీద కత్తి పెట్టేవాళ్ళా?"

"ఆ పిల్ల ఏడ్చింది చూశావా? వాళ్ళ నాన్నా అట్టాగే చేసేవాడంట."

"ఏ నాన్న చెయ్యడక్కా?" కృపమ్మ గొంతు పెంచలేదు. "ఆ పిల్లకి ఫోటో ఉంది, ఫ్లాటు ఉంది, ఆయన సంతకం పెట్టిన కాగితాలు వంద ఉంటయ్. మా సుజనకి ఏముంది? ఒక్క ఫోటో లేదు. నాన్న ఎట్టా ఉండేవాడే అమ్మా అని అడిగినప్పుడల్లా నీ చరణమే చెప్పి పెంచా. ఇయ్యాల బాపట్లలో ఎవరి నాన్నో ఆ చెప్పులు తొడుక్కుని పోయాడు."

జ్ఞానమ్మ పట్టాల వైపు చూస్తూ ఉంది.

"దాచుకోమని నువ్వే గదా ఇచ్చింది? ఇచ్చినదాన్ని మళ్ళీ ఎట్టా తీశావు?"

బండి ఎక్కారు, చుండూరులో దిగారు. పేట మలుపులో కృపమ్మ ఆగింది.

"శనివారం సంగతి నువ్వే చూసుకో."

శుక్రవారమంతా జ్ఞానమ్మ మంచం దిగలేదు. రేపల్లెకి ఫోన్ చేసి రాలేనని చెప్పేద్దామని రెండుసార్లు అనుకుంది. కానీ అక్కడ పోయిన సలోమమ్మ, తన కూటానికి జ్ఞానమ్మే ఎత్తాలని కొడుకుతో చెప్పి మరీ పోయిందట. కొడుకు బర్నబాస్ ఆటో తోలుతాడు. వారం కిందటే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి అడిగి వెళ్ళాడు.

శనివారం పొద్దున తెనాలిలో బండి మారి రేపల్లె పాసింజర్లో కూర్చుంది. పక్క సీటులో సంచీ పెట్టి, తలుపు వైపు చూస్తూ ఉంది. బండి కదిలే ముందు ఎవరో పెద్దాయన, "ఎవరైనా వస్తారామ్మా ఇక్కడ?" అన్నాడు. జ్ఞానమ్మ సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

రేపల్లె స్టేషన్ బయట బర్నబాస్ ఆటోతో ఉన్నాడు. "వందనాలమ్మా. రెండో అమ్మ రాలేదాండి?"

"వచ్చిద్ది," అంది జ్ఞానమ్మ. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియదు.

సలోమమ్మ నలభై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఎండుచేపలు అమ్మింది. రేకుల గదిలో ఆ వాసన ఇంకా పోలేదు. మూలన గంప బోర్లించి ఉంది. దాని మీద, తలకి పెట్టుకునే గుడ్డ చుట్ట. మేకుకి తక్కెడ. జ్ఞానమ్మ గోడకి చేరగిలబడింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. గంప గురించి ఒకటి, ఎండలో నడక గురించి ఒకటి చెప్పేయొచ్చు. చేపలమ్మే ఏ ముసలమ్మకైనా సరిపోతాయి. ఆ మాట మనసులో అనుకోగానే లేచి, చెంబుతో నీళ్ళు తీసుకుని మొహం కడుక్కుని వచ్చింది. మళ్ళీ కూర్చుని తక్కెడ వైపు చూసింది.

రెండు పళ్ళేలూ ఒక ఎత్తులో లేవు. ఒకటి అరంగుళం కిందికి ఉంది. లేచి దగ్గరికి వెళ్ళింది. కిందికున్న పళ్ళెం అడుగున, గుడ్డపేలికలో చుట్టి, కందిగింజకి రెండింతలున్న గులకరాయి దారంతో కట్టి ఉంది. ముసల్ది తూకంలో మోసం చేసేదా? దీన్ని ఏమని ఎత్తాలి? తక్కెడ మేకు మీంచి దించి చేత్తో పట్టుకుంది. పైనున్న పళ్ళేన్ని మునివేలితో తాకింది. గరుకుగా, జిడ్డుగా, ఉప్పు పేరుకుని ఉంది. అది చేపలు వేసే పళ్ళెం. రాయి కట్టిన పళ్ళెం నున్నగా అరిగి ఉంది. అది తూకపురాళ్ళు వేసేది. పక్కన చిక్కంలో ఉన్న తూకపురాళ్ళలో పెద్దదాన్ని తీసి తిప్పి చూసింది. అంచు ఒక చోట పగిలి, చిన్న పెచ్చు ఊడిపోయింది. ఎన్నేళ్ళ కిందట పగిలిందో, అంచు నున్నబడింది. ఊడిన పెచ్చు కంటే కట్టిన గులకరాయి కాస్త పెద్దదే. అంటే కొన్నవాళ్ళకి చేప ఎక్కువే పడుతుంది తప్ప తగ్గదు. జ్ఞానమ్మ తక్కెడని ఎలా ఉన్నది అలా మేకుకి తగిలించి వచ్చి కూర్చుంది. మళ్ళీ నిద్ర రాలేదు.

నాలుగింటికి కూటం మొదలైంది. వీధికి అడ్డంగా షామియానా, నూటయాభై మంది దాకా జనం. పాస్టరు గారు వాక్యం చెబుతుండగా జ్ఞానమ్మ చివరి వరుస చూసింది. నీళ్ళ డ్రమ్ము పక్కన, కొంగు నిండా కప్పుకుని, కృపమ్మ కూర్చుని ఉంది. బస్సులో వచ్చినట్టుంది. పాడటానికి వచ్చిందో, చావింటికి వచ్చినట్టే వచ్చిందో ఆమె మొహంలో తెలియలేదు. ముందుకి రాలేదు.

పాస్టరు గారు కూర్చున్నారు. జ్ఞానమ్మ లేచి ఒక్కతే నిలబడింది. పక్కన ఖాళీగా ఉన్న చోటు అందరికీ కనపడుతూనే ఉంది. ఎత్తింది.

"పగిలిన రాయికి పక్కన రాయి కట్టింది
కొన్నోళ్ళకు తక్కువ పోరాదని..."

ఎవరూ కదల్లేదు. ఎక్కడ కలవాలో చూపించేవాళ్ళు లేరు. ముందు వరుసలో ఒకామె పెదవులు కదిపి ఆగిపోయింది. రెండోసారి ఎత్తింది. 'పక్కన' దగ్గరే దగ్గు వచ్చి మాట తెగింది. షామియానా కింద కుర్చీలు కిర్రుమన్నాయి. బర్నబాస్ గడప దగ్గర నిలబడి, తల తిప్పి ఇంట్లో మేకు వైపు చూశాడు. అతనికి ఆ రాయి సంగతి తెలియదు. ఇంక ఒక్కసారే ఉంది. ఈ చరణం పడిపోతే, సలోమమ్మ తక్కెడకి రాయి కట్టిందన్నదొక్కటే జనం నోట్లో మిగిలిపోతుంది. ఎటువైపు కట్టిందో ఎవరికి పట్టింది?

జ్ఞానమ్మ గొంతు తగ్గించింది. పాటగా కాదు, పక్క మనిషికి చెప్పినట్టు మూడోసారి అంది.

నీళ్ళ డ్రమ్ము పక్క నుంచి, కూర్చున్నచోటి నుంచే, కృపమ్మ అందుకుంది. లేవలేదు, కొంగు తీయలేదు. "కొన్నోళ్ళకు తక్కువ పోరాదని" దగ్గర ఊపిరి ఎక్కడ ఆపాలో అక్కడ ఆపింది. కూటం కలిసింది.

"దాచుకో తండ్రీ, దాచుకో."

బర్నబాస్ లోపలికి వెళ్ళి తక్కెడ తీసుకొచ్చాడు. కూటం అయిపోయేదాకా దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. జ్ఞానమ్మ ఇంకో నాలుగు చరణాలు ఎత్తింది. నాలుగూ వెనక వరుస నుంచే అందాయి.

ఆరున్నర పాసింజర్లో ఒకే బల్ల మీద కూర్చున్నారు. కృపమ్మ సంచీ మధ్యలో ఉంది. బండి కదిలాక కృపమ్మ కిటికీ వైపు తిరిగి అంది.

"ఆ ముసలామె రాయి కింద పడకూడదని అందుకున్నా. నీ కోసం కాదు."

"ఊఁ."

"సుజనకి చెప్పలా."

జ్ఞానమ్మ తల ఊపింది. కాసేపటికి ఫోన్ మోగింది. తెనాలి నుంచి. బుధవారం కూటమట.

"లేదండి, రాలేనండి... ఓపిక లేదండి... రెండు చరణాలకైనా చూడాల గదండి ముందు. కళ్ళు నిలవట్లేదు... అవునండి. పుస్తకంలో పాటలు పాడుకోండి, అయ్యీ మంచియ్యే." ఫోన్ పెట్టేసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ మాట చెప్పడానికి కూటం మొత్తం పాడినంత పనయింది.

"ఇంక ఒప్పుకోవా?" అంది కృపమ్మ.

"చూడగలిగిన రోజున ఒప్పుకుంటా."

"మరి నేను పోతే?"

"నిన్ను చూడక్కర్లా. తెలుసు."

"ఏం తెలుసు?"

"బతిమాలించుకుని గాని అందుకోదని."

కృపమ్మ నవ్వలేదు. సంచీ తీసి అవతల పక్కన పెట్టుకుంది. "పడుకో. తెనాల్లో లేపుతా," అంది.

భట్టిప్రోలు రాకముందే జ్ఞానమ్మ నిద్రపోయింది.